మెదడులో బుడగకు మణికట్టు దారిన చికిత్స

గుండెకు చేసినట్లే మెదడుకు కూడా చేతి నుంచి చికిత్స చేస్తారా అని రోగుల బంధువులు మమ్మల్ని అడుగుతుంటారు. చేస్తారు. అయితే ఎలా చేస్తారో, అది ఎవరికి తగునో తెలుసుకుందాం.

అన్యూరిజం అంటే ఏమిటి?

మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని గోడ ఒకచోట బలహీనపడి, పాత సైకిల్ ట్యూబులాగా బుడగలా ఉబ్బుతుంది. దీనినే అన్యూరిజం అంటారు. పెద్దవారిలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. చాలామందిలో ఇది ఎన్నటికీ పగలదు. పగిలితే మాత్రం మెదడు చుట్టూ రక్తం చేరి ప్రాణాపాయం కలుగుతుంది. పొగ త్రాగడం, అదుపులో లేని రక్తపోటు ఈ ముప్పును పెంచుతాయి.

చికిత్స ఎలా చేస్తారు?

పూర్వం పుర్రె తెరిచి బుడగ మెడకు క్లిప్పు పెట్టేవారు. ఇప్పటికీ కొందరికి అదే తగిన చికిత్స. 1990ల ఆరంభంలో డాక్టర్ గీడో గుగ్లియెల్మి మెత్తని ప్లాటినం తీగచుట్టలను వాడుకలోకి తెచ్చారు. సన్నని గొట్టాన్ని రక్తనాళం లోపలి నుంచే బుడగ వరకు పంపి, ఈ చుట్టలతో దానిని నింపుతారు. అప్పుడు బుడగలోకి రక్తం పోవడం ఆగుతుంది.

ఈ గొట్టాన్ని ఎన్నో ఏళ్ళపాటు గజ్జలోని ధమని నుంచే పంపేవారు. 1989లో కెనడా వైద్యుడు లూసియన్ కాంపో గుండె రక్తనాళాల పరీక్షను మణికట్టు నుంచి చేసి చూపారు. తరువాతి కాలంలో మెదడు వైద్యులు కూడా ఆ దారి పట్టారు.

మణికట్టు దారి

బొటనవేలి వైపు, నాడి పట్టి చూసే చోట ఉన్న ధమనినే ఇందుకు వాడతారు. చేతికి రక్తం ఇచ్చే రెండో ధమని చిటికెనవేలి వైపు ఉంటుంది. అది బాగా పనిచేస్తున్నదా అని ముందుగా చూస్తారు. ధమని బిగుసుకోకుండా, రక్తం గడ్డకట్టకుండా మందులిచ్చి, ఎక్స్‌రే తెరపై చూస్తూ గొట్టాన్ని భుజం, మెడ మీదుగా మెదడుకు చేరుస్తారు. పని పూర్తయ్యాక మణికట్టుకు బిగించిన పట్టీని కొన్ని గంటల్లో మెల్లగా వదులు చేస్తారు.

లాభమేమిటి? గజ్జ నుంచి చేస్తే కాలు కదపకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలి. మణికట్టు నుంచి చేస్తే ఆ అవసరం ఉండదు. మణికట్టులో రక్తం కారితే వెంటనే కనబడుతుంది, నొక్కి ఆపడం సులువు. స్థూలకాయులకు, నడుము నొప్పి ఉన్నవారికి ఇది మేలు.

అందరికీ కుదరదు. ధమని మరీ సన్నగా ఉన్నా, మెలికలు తిరిగి ఉన్నా, లావు గొట్టం కావలసివచ్చినా గజ్జ దారే మంచిది. డయాలసిస్ రోగులకు చేతి రక్తనాళాలను కాపాడవలసి ఉంటుంది. మణికట్టు దగ్గర మొదలుపెట్టి మధ్యలో గజ్జకు మారితే, అది వైద్యుని లోపం కాదు.

ఒక మాట మరువవద్దు. మారింది ద్వారమే, లోపల జరిగే పని అదే. బుడగ పగలడం, పక్షవాతం వంటి ప్రమాదాలు ఏ దారిలోనైనా ఉంటాయి. కనుక "చేతిలోంచే కదా" అని తేలికగా సంతకం చేయక, అన్నీ అడిగి తెలుసుకోండి.

ఇంటికి వెళ్ళాక

కొన్ని రోజులు ఆ చేతితో నీళ్ళ బిందెలు, బరువులు ఎత్తవద్దు. చేయి వాచినా, తెల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే చూపించండి. స్టెంటు కూడా పెట్టి ఉంటే, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలను డాక్టరు చెప్పకుండా మానవద్దు.

ముఖ్య హెచ్చరిక

మునుపెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, దానితో వాంతులు, మెడ పట్టేయడం, స్పృహ తప్పడం ఉన్నా, తలనొప్పి మాత్ర వేసి తెల్లవారేదాకా ఆగవద్దు. ప్రార్థన చేస్తూనే బయలుదేరండి. అటువంటప్పుడు ప్రతి గంటా విలువైనదే. దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక.