పూచినా కాయని చెట్టు

హిందూ మహాసముద్రంలో, మారిషస్‌కు తూర్పుగా సుమారు 560 కిలోమీటర్ల దూరాన, రోడ్రిగ్స్ అనే చిన్న దీవి ఉన్నది. దాని వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అగ్నిపర్వతాల మూలంగా కడలి గర్భం నుండి పైకి లేచిన ఈ భూభాగం ఏ ఖండంతోనూ ఎన్నడూ కలిసి ఉండలేదు. అందుచేత ఇక్కడి చెట్లలోను, జీవులలోను పెక్కు ప్రపంచంలో మరెక్కడా కానరావు. అట్టివాటిలో ఒక చిన్న చెట్టును స్థానికులు 'కెఫే మారోన్' అంటారు. అడవి కాఫీ అని అర్థం. యజమాని చెర నుండి పారిపోయి కొండల్లో తలదాచుకున్న బానిసను కూడా ఆ దీవుల్లో 'మారోన్' అనే పిలిచేవారు.

ఈ చెట్టు శాస్త్రనామం రామోస్మానియా రోడ్రిగ్వేసి. కాఫీ కుటుంబానికి చెందినది. మన పెరళ్ళలో పూచే నూరువరహాలకు కూడా దూరపు చుట్టమే. పువ్వులు తెల్లనివి, ఐదు రేకులతో నక్షత్రం వలె ఉంటాయి. కాని శాస్త్రజ్ఞులను ఎక్కువగా ఆకర్షించినవి దాని ఆకులు. లేత మొక్కకు సన్నగా, పొడుగ్గా, గోధుమ వన్నె కలిసిన ఆకులు ఉంటాయి. చూచేవారికి అది ఎండుపుల్లల కట్టలా కనిపిస్తుంది. మొక్క కొంత ఎత్తు పెరిగాక మాత్రమే వెడల్పైన పచ్చని ఆకులు వేస్తుంది. ఈ మారువేషం ఎందుకు? ఒకప్పుడు ఆ దీవి నిండా పెద్ద తాబేళ్ళు ఉండేవి. వాటి నోటికి అందినంత ఎత్తు వరకు మొక్క తనను తాను దాచుకునేదని ఒక అభిప్రాయం. ఆ తాబేళ్ళను 18వ శతాబ్దంలో ఓడలవారు వేలకొలది ఆహారంగా తరలించుకుపోయారు. చివరకు ఒక్కటీ మిగలలేదు. మనుషులు తెచ్చిన మేకలకు, పశువులకు మాత్రం ఈ మారువేషం అడ్డు కాలేదు.

1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగే దృశ్యాన్ని పరిశీలించడానికి ఒక ఆంగ్ల బృందం రోడ్రిగ్స్‌కు వచ్చింది. (అదే దృశ్యాన్ని అదే రోజున విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు కూడా తన దూరదర్శినితో పరిశీలించారు.) ఆ బృందంతో వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు ఐజాక్ బెయిలీ బాల్ఫర్ దీవి మొక్కలను శాస్త్రీయంగా నమోదు చేశాడు. అప్పటికే అడవి చాలావరకు నశించి ఉన్నది. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలం దాటేసరికి కెఫే మారోన్ ఎవరి కంటా పడక, అంతరించిన జాతుల పట్టికలోకి చేరింది.

1980 ప్రాంతంలో ఒక పాఠశాల ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు దీవిలోని అరుదైన మొక్కల గూర్చి చెప్పి, వాటిని వెదికి తెమ్మన్నాడు. ఒక బాలుడు కొమ్మ ఒకటి తెచ్చాడు. అది కెఫే మారోన్! దారి ప్రక్కన, మేకలు కొరికి వదిలిన స్థితిలో, ఒకే ఒక్క చెట్టు బ్రతికి ఉన్నది. ప్రపంచంలో మరొకటి లేదు.

వార్త పొక్కడంతో కొత్త ప్రమాదం వచ్చిపడింది. ఆ చెట్టు సుఖవ్యాధులకు మందనీ, త్రాగుడు బడలికను పోగొడుతుందనీ స్థానికులకు నమ్మకం. ఎవరికి వారు కొమ్మలు విరుచుకుపోసాగారు. కంచె వేశారు. దాన్ని దాటి వచ్చారు. మరో కంచె వేయవలసి వచ్చింది. తరతరాల వైద్యాన్ని నమ్మిన పేదవారిని నిందించి లాభం లేదు. కాని చెట్టు ఒక్కటే కదా!

1986లో కొన్ని కొమ్మ ముక్కలను విమానంలో లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి పంపారు. అక్కడ కొమ్మ వేరూనింది, పెరిగింది, విరివిగా పూచింది. దాని కొమ్మలతో మరిన్ని మొక్కలు తయారయ్యాయి. అయితే కాయ మాత్రం కాయలేదు. పుప్పొడి మొలకెత్తినా కీలం గుండా అండాశయం దాకా దిగేది కాదు. ఎన్ని కుండీలలో పెరిగినా అవన్నీ ఆ ఒక్క చెట్టే. విత్తనం లేనిదే కొత్త తరం లేదు.

కార్లోస్ మగ్దలేనా అనే స్పానిష్ ఉద్యానకారుడు క్యూలో దీనికి పూనుకొన్నాడు. పువ్వులోని కీలాగ్రాన్ని చిన్న కత్తితో కోసివేసి, ఆ గాయం మీదనే పుప్పొడి అద్దాడు. అడ్డుగా ఉన్న భాగాన్నే తొలగిస్తే పుప్పొడి నాళం దిగవచ్చునని అతని ఊహ. మొక్కలను గాజుగృహంలో మరింత వెచ్చని చోటికి కూడా మార్చి చూశాడు. ఎన్నో పువ్వులు రాలిపోయాయి. 2003లో ఎట్టకేలకు ఒక కాయ నిలిచి, పండి, గుప్పెడైనా నిండని కొద్దిపాటి విత్తనాలను ఇచ్చింది. అవి మొలిచాయి. ఆ మొక్కల నుండి మళ్ళీ విత్తనాలు వచ్చాయి, రోడ్రిగ్స్‌కు కూడా తిరిగి చేరాయి.

అయినా సమస్య పూర్తిగా తీరలేదు. నేటి మొక్కలన్నీ ఒకే చెట్టు సంతానం. ఏదైనా తెగులు సోకితే తట్టుకోగల భిన్నత్వం వాటిలో స్వల్పం. పోయిన చెట్లతో పోయిన గుణాలను ఏ కత్తీ తిరిగి తేలేదు.

దీవిలో ఒక అభయారణ్యంలో 2007 నుండి పెద్ద తాబేళ్ళు మళ్ళీ తిరుగుతున్నాయి. అవి పాత జాతివి కావు, వేరే దీవుల నుండి వచ్చినవి. కెఫే మారోన్ మొలకలు మాత్రం ఈనాటికీ అదే గోధుమ వన్నె సన్నని ఆకులతో, ఎండుపుల్లల్లా నటిస్తూనే పెరుగుతున్నాయి.