మూపురం మగ... చదును మగ!

రెండూ మగ సాలీళ్లే. రెండూ రెండు మూడు మిల్లీమీటర్లకు మించవు. ఒకదానికి కళ్ల వెనక లోతైన గాడి, గాడిలో వెంట్రుకలు, దాని వెనక ఎద్దుకున్నట్టు మూపురం. రెండోదానికి అవేమీ ఉండవు. నున్నగా, చదునుగా, అచ్చం ఆడదానిలా ఉంటుంది. 1841లో ఇంగ్లండుకు చెందిన జాన్ బ్లాక్‌వాల్ ఈ రెంటినీ వర్ణించి, మూపురం ఉన్నదానికి గిబ్బోసా అనీ, లేనిదానికి ట్యూబరోసా అనీ పేర్లు పెట్టాడు. రెండు జాతులు లెక్కకెక్కాయి. ఆయన్ని తప్పుపట్టలేం. ఎవరికి చూపించినా అదే మాట అంటారు. అవి రెండూ ఒక్క జాతేనని బెల్జియం పరిశోధకులు డి కీర్, మేల్‌ఫెయిట్ అచ్చులో తేల్చింది 1988లో. అంటే 147 ఏళ్లకు!

ఇప్పుడా సాలీడు పేరు ఈడోథోరాక్స్ గిబ్బోసస్. ఐరోపాలోని చిత్తడి నేలల్లో, తడి పచ్చికలో, గడ్డి మొదళ్ల దగ్గర బతుకుతుంది. దీని కుటుంబం లినిఫిడే. ఆ కుటుంబాన్ని 1859లో నిలబెట్టిందీ బ్లాక్‌వాలే. మాంచెస్టర్‌లో నారబట్టల వ్యాపారం చేసి, దాన్ని వదిలేసి వేల్స్‌లో స్థిరపడి, మిగిలిన బతుకంతా సాలీళ్లతో గడిపిన మనిషి. ఈ కుటుంబంలో నేటికి 4,800కు పైగా జాతులున్నాయి. గెంతే సాలీళ్ల తర్వాత ఇంత పెద్ద కుటుంబం మరొకటి లేదు. అయినా మనలో చాలామంది దీని పేరు విని ఉండరు. చలిదేశాల్లో విస్తారంగా ఉండి, వేడి మైదానాలకు వచ్చేసరికి పలచబడే కుటుంబం ఇది. బ్రిటన్‌లో వీటిని ‘మనీ స్పైడర్’ అంటారు. ఒంటిమీద వాలితే డబ్బొస్తుందని నమ్మకం. మన బల్లిశాస్త్రం రాసినవాళ్లు ఈ అవకాశాన్ని ఎందుకో వదిలేశారు.

వీటి గూడు మనకు అలవాటైన చక్రం ఆకారంలో ఉండదు. నేలకు సమాంతరంగా పరిచిన పలచటి దుప్పటి. సాలీడు దాని కింద వెల్లకిలా వేలాడుతుంది. పెద్ద జాతుల్లో దుప్పటికి పైన అడ్డదిడ్డంగా దారాలుంటాయి. ఎగిరే పురుగు వాటికి తగిలి దుప్పటి మీద పడగానే, సాలీడు కింది నుంచే కొరికి లోపలికి లాగేస్తుంది. తెలుగునాట పొద్దున్నే గడ్డి మీద మంచు పట్టి మెరిసే దుప్పట్లు చూసి ఇవే అనుకోకండి. వాటిలో ఎక్కువ భాగం వేరే కుటుంబానికి చెందిన హిప్పాసా సాలీళ్లవి. వాటి దుప్పటికి ఒక మూల గరాటు లాంటి సొరంగం ఉంటుంది. సాలీడు ఆ సొరంగం నోట్లో కూర్చుని, పురుగు పడగానే దుప్పటి పైనుంచి పరుగెత్తుతుంది. సొరంగం లేకుండా, కింద తలకిందులుగా వేలాడుతుంటే అప్పుడు లినిఫిడే అని అనుమానించవచ్చు.

కుటుంబం వరకూ గూడు చెబుతుంది. జాతి మాత్రం చెప్పదు. రంగు అంతకన్నా చెప్పదు. ఈ చిన్న సాలీళ్లలో చాలావరకు నలుపో గోధుమో అయి ఉంటాయి. అందుకే సాలీడును ఆల్కహాల్‌లో వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, మొహం వదిలేసి జననావయవాలు చూస్తారు. మగదానికి నోటికి ఇరుపక్కలా పాల్ప్ అనే పొట్టి చేతులుంటాయి. వాటి కొసలే ఆ అవయవాలు. అయితే వీర్యం అక్కడ తయారుకాదు, పొట్టలో తయారవుతుంది. మగసాలీడు చిన్న గూడు అల్లి, దానిమీద బొట్టు వదిలి, ఆ బొట్టును పాల్ప్‌లలోకి పీల్చుకుని ఆడదాన్ని వెతుక్కుంటూ వెళుతుంది. పాల్ప్‌లోని కొక్కేలు, పలకలు, సన్నటి గొట్టం ఒక్కో జాతికి ఒక్కో తీరు. ఆడదాని పొట్ట కింద ఉండే ఎపిజైన్ అనే గట్టి పలకా అంతే. పిల్లసాలీడుకు ఈ రెండూ పూర్తిగా ఏర్పడవు కాబట్టి దాని జాతి చెప్పమంటే ఎంతటి నిపుణుడైనా చేతులెత్తేస్తాడు.

కాళ్లూ సాక్ష్యం చెబుతాయి. గాలి కదలికను పసిగట్టే ఒక సన్నటి వెంట్రుక ముందు కాలి చివరి నుంచి రెండో కణుపు మీద ఎంత దూరంలో ఉంది? నాలుగో కాలికీ అలాంటిది ఉందా? ఒక్కో కాలి మీద ఎన్ని ముళ్లున్నాయి? లాకెట్, మిలిడ్జ్ 1950ల్లో తెచ్చిన ‘బ్రిటిష్ స్పైడర్స్’ సంపుటాలతో కుస్తీపట్టినవారికి ఈ ప్రశ్నలన్నీ కంఠతా ఉంటాయి. ఒక్క వెంట్రుక ఊడిపోతే ఆ పూట పని అయినట్టే.

గిబ్బోసస్ కథలో మొదటి ఆధారం పాల్ప్ నుంచే దొరికింది. మూపురం ఉన్న మగదాని పాల్ప్‌కూ, చదును మగదాని పాల్ప్‌కూ తేడా లేదు. రెండు రకాల మగలున్నా ఆడవి మాత్రం ఒకటే రకం. ఇక పెంచి చూడటమే మిగిలింది. ఒకే గుడ్లసంచి లోంచి రెండు రకాల మగలూ పుట్టాయి. 1990 నాటికి వారసత్వం లెక్క కూడా తేలింది. ఒకే జన్యుస్థానం, దాని మీద రెండు రూపాలు, మూపురానిది బలమైన రూపం. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటి వచ్చినా మగపిల్లకు మూపురం వస్తుంది. ఆడపిల్లకు వచ్చినా పైకి కనిపించదు.

ఇక్కడితో ఆగితే ఇదొక పేర్ల సవరణ మాత్రమే. అసలు రుచి తర్వాతే ఉంది. ఇన్నాళ్లూ పక్కన పెట్టమన్న తలలోనే సరుకు దాగుంది. జతకట్టే వేళ ఆడది మగదాని తల మీది గాడిలో నోరు పెట్టి, అక్కడ ఊరే ద్రవాన్ని తాగుతుంది. పెళ్లికూతురికి కానుక అన్నమాట! ఈ బంధువర్గంలో మగవాటి తలలకు గుంటలు, బొడిపెలు, కొమ్ముల వంటివి ఎన్నో రకాలు. ఇక 2022లో ‘నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ పత్రికలో వచ్చిన జన్యు అధ్యయనం ఇంకా లోతుకు వెళ్లింది. మూపురం తెచ్చే రూపంలో సుమారు 30 లక్షల జన్యు అక్షరాల ముక్క ఒకటి అదనంగా ఉంది. చదును రూపంలో ఆ ముక్కే లేదు. అందులో డజన్లకొద్దీ జన్యువులు, వేరేచోట్ల ఉన్నవాటి నకళ్లు. ఆడ, మగ తేడాను నడిపించే డబుల్‌సెక్స్ అనే జన్యువు నకలూ అందులోనే ఉంది. అంటే బ్లాక్‌వాల్ కంటికి కనబడింది చిన్నాచితకా తేడా కాదు. దాన్ని జాతుల తేడా అనుకోవడం వరకే పొరపాటు.

నన్నడిగితే, తలను పూర్తిగా నమ్మడమూ పూర్తిగా కొట్టిపారేయడమూ రెండూ ప్రమాదమే. పైరూపాన్ని బట్టి వర్గం కట్టడం ఎంత చిక్కో ఈడోథోరాక్స్ ప్రజాతిలోనే చూడండి. ఏళ్ల తరబడి ఐరోపా జాతులతో పాటు ఆసియావీ ఇందులో చేరిపోయాయి. ఇటీవల జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ పరిశోధకులు వంశవృక్షం గీసి చూసి, అనేక జాతులను వేరే ప్రజాతులకు తరలించారు. మరికొన్నిటి చోటు ఇంకా ఖరారు కాలేదు.

భారత్‌లో లినిఫిడే కుటుంబం ఎక్కువగా హిమాలయాల్లో, కొండప్రాంతాల్లో కనిపిస్తుంది. ఈ కుటుంబంలో మరో చిక్కుంది. చాలా జాతుల్లో మగది మాత్రమే, లేదంటే ఆడది మాత్రమే వర్ణనకు నోచుకుంది. ఒకరు మగదానికి ఒక పేరు, ఇంకొకరు ఆడదానికి మరో పేరు పెట్టి ఉంటే, అవి రెండూ ఆలుమగలే అయినా పుస్తకాల్లో పరాయివాళ్లుగానే ఉండిపోతాయి. వాటిని కలపాలంటే ఒకే గూటిలో రెంటినీ కలిపి పట్టుకోవాలి, లేదా రెండింటి డీఎన్ఏ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పనికి ఆల్కహాల్ సీసాలో పాతబడిన నమూనా చాలాసార్లు చాలదు. మళ్లీ ఆ కొండెక్కి, ఆ తడిగడ్డిలోనే వెతకాలి.