పెట్టుబడి అడిగే కాగితం

అంబేద్కర్ అమెరికా, లండన్లలో ఆర్థికశాస్త్రం చదివొచ్చి బొంబాయిలో షేర్ల సలహా సంస్థ పెట్టారు. అంటరానివాడని తెలిసి ఖాతాదార్లు పోయారు, సంస్థ మూతబడింది. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరారు. పెట్టుబడికి మూలం నమ్మకం. ఈ దేశంలో నమ్మకం కులం వెంట నడుస్తుంది.

ఇవ్వాళ కొత్త కంపెనీ పెట్టేవాళ్లు పది పన్నెండు స్లైడ్ల పిచ్ డెక్ చూపించి పెట్టుబడి అడుగుతారు. డబ్బున్నోళ్లతో చుట్టరికముంటే డెక్ బలహీనంగా ఉన్నా పని జరుగుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డల మాల మాదిగ పిల్లలకు ఆ చుట్టరికం లేదు. వాళ్ల తరఫున మాట్లాడాల్సింది ఆ డెక్కే.

కేసీ కెనాల్ కింద వడ్లు రోడ్డు మీద ఆరబోస్తారు. అద్దెకు తిరిగే డ్రయ్యరు పెట్టాలని ఒకమ్మాయి అనుకుందనుకోండి. మొదట సమస్య: వానకు తడిస్తే బస్తాకు ఎంత పోతుంది? ఇరవైమంది రైతుల్నడిగి రాసుకోవాలి. తర్వాత యంత్రం చేసే పని, అద్దె ఎవరిస్తారు, డీజిలూ కూలీ పోను మిగిలేదెంత, పోటీ ఎవరు. తన గురించి చెప్పేచోట కళ్లంలో కూలి చేసిన సంగతి దాచొద్దు. ఆ అనుభవమే అర్హత. చివర ఎంత కావాలి, దేనికి, ఎన్ని నెలలకు.

2020లో కేంద్రం ప్రకటించిన అంబేద్కర్ సోషల్ ఇన్నొవేషన్ అండ్ ఇంక్యుబేషన్ మిషన్ ఎస్సీ యువత కంపెనీలకు మూడేళ్లలో 30 లక్షల పెట్టుబడి అన్నది. ఇట్లాంటి డబ్బు అప్పు కాదు, కంపెనీలో వాటాకి బదులు. ఎంత వాటా పోతుందో ముందే లెక్కేసుకోవాలి. లెక్క చేతిలో ఉన్నవాళ్లు దయ అడగనక్కర్లేదు, బేరమాడొచ్చు.