పుట్టింటి ఆస్తి: ఆ సంతకానికి ముందు తెలుసుకోవాల్సినవి

ఈ ఎపిసోడ్‌లో స్త్రీల హక్కుల గురించి మొదలుపెట్టి ఆస్తి దగ్గర ఆగిపోయాం. అక్కడ హడావుడిగా చెప్పేసినవి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

అమెరికాలో ఉన్న మన ఆడపిల్లల్లో చాలామందికి ఇది తెలిసిన సంగతే. నాన్నగారు పోయిన కొన్నాళ్లకి అన్నయ్య ఫోన్ చేస్తాడు: "ఈసారి వచ్చినప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక సంతకం పెట్టి వెళ్లమ్మా, ఊరికే ఫార్మాలిటీ." ఆ కాగితం పేరు హక్కు విడుదల పత్రం. అసలు హక్కే లేకపోతే దాన్ని విడుదల చేయించుకోవడం ఎందుకు?

మరి ఈ హక్కు ఎలా వచ్చింది? హిందూ ఉమ్మడి కుటుంబాల్లో పిత్రార్జితం మీద పుట్టుకతో వాటా మగపిల్లలకే ఉండేది. కూతురికి పసుపు కుంకుమల కింద ఏమిచ్చినా అది పుట్టింటివాళ్ల ఇష్టం. దీన్ని మార్చాలని చూసిన హిందూ కోడ్ బిల్లు ముందుకు కదలకపోవడం, 1951లో అంబేడ్కర్ మంత్రి పదవికి రాజీనామా చేయడానికి ముఖ్య కారణాల్లో ఒకటి. 1956 చట్టం తండ్రి స్వార్జితంలో, వీలునామా లేకపోతే, కూతురికీ సమాన వాటా ఇచ్చింది. పిత్రార్జితంలో మాత్రం కొడుకుతో సమానం చేయలేదు.

ఆ పని ముందుగా చేసింది మన ఆంధ్రప్రదేశే. ఎన్టీఆర్ హయాంలో వచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకి వర్తించలేదు. దాంతో ఒకే ఇంట్లో అక్కకి వాటా లేదు, చెల్లికి ఉంది! 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

కొన్ని పరిమితులు కూడా గుర్తుంచుకోండి. స్వార్జితాన్ని తండ్రి ఎవరికైనా వీలునామా రాయొచ్చు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలని ఈ సవరణ ముట్టుకోదు. ఇదంతా హిందూ వారసత్వం గురించే. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల నియమాలు వేరు.

"నీ పెళ్లికి అంత ఖర్చుపెట్టాం కదా" అన్న మాటతో వాటా రద్దవదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నా వారసత్వం పోదు.

అమ్మానాన్నల్ని చివరిదాకా చూసుకున్నది అన్నయ్యే కావచ్చు. ఆయనకే ఇచ్చేయాలనిపిస్తే సంతోషంగా ఇచ్చేయండి. కాకపోతే ఆ కాగితం మొత్తం చదివి, మీ వాటా ఎంతో తెలుసుకున్నాకే సంతకం పెట్టండి. అప్పుడు మీరు ఇస్తున్నదేంటో మీకూ తెలుస్తుంది, ఆయనకీ తెలుస్తుంది.