తాకట్టు పెట్టే ముందు

ఉద్దానం తోటల సీమ. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు – ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస చెట్లే. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఫ్యాక్టరీలు. అక్కడ పప్పు ఒలిచేది, రకాలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే.

జీడి కాపు ఏడాదికి ఒకసారి వస్తుంది. ఇంటి ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది. బియ్యం, పిల్లల చదువు, పెళ్లి, జబ్బు – ఏదీ కాపు వచ్చేదాకా ఆగదు. అందుకే అప్పు చేయాలి. అప్పు కావాలంటే చాలాసార్లు ఏదో ఒకటి తాకట్టు పెట్టాలి. బంగారమో, భూమో, ఇల్లో!

అప్పు చేయడం తప్పు కాదు. కానీ తాకట్టు పెట్టిన వస్తువు తిరిగి ఇంటికి రావాలి. అది వస్తుందా, రాదా? మూడు సంగతులు దాన్ని తేలుస్తాయి. వడ్డీ ఎంత? కాగితం మీద ఏం రాశారు? కట్టిన డబ్బుకు రుజువు ఉందా? ఈ మూడూ తెలుసుకుందాం.

అప్పులు ఎందుకు పెరిగాయి?

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు కూలిపోయాయి. జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. వరి చేను పోతే మరుసటి ఏడాది మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి తోట పోతే అలా కాదు. నాటు రకం మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంతవరకు తోట మీద రాబడి లేదు. తోటను చూపి తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంది. వడ్డీ పెరుగుతూనే ఉంది.

ఉద్దానంలో చాలా ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రిని ప్రారంభించారు. వైద్యం ఉచితంగా దొరికినా రోగికి కూలి పోతుంది. తోడు వెళ్లిన వారికీ కూలి పోతుంది. దారి ఖర్చులు ఉంటాయి.

భూమి సంగతి కూడా మారుతోంది. టెక్కలికి దగ్గరలో, సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవు పనులకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఓడరేవు, రోడ్డు, ఇళ్ల స్థలాలు వచ్చే చోట భూమి ధర మారిపోతుంది. నిన్న ఎవరూ అడగని ఇసుక నేలను రేపు నలుగురు అడుగుతారు. అలాంటప్పుడు కొందరు అప్పిచ్చేవారికి అప్పు తీరడం కన్నా భూమి చేతికి రావడమే లాభం. కాబట్టి భూమి కాగితాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

మూడు రూపాయలు చిన్నదా? పన్నెండు పెద్దదా?

“ఏటి వదినా, ఇక్కడ మూడు రూపాయల వడ్డీయే గదా! బ్యాంకోళ్లు పన్నెండు అంతన్నారు!”

“మూడు నెలకే అమ్మా, పన్నెండు ఏడాదికి!”

ఇలాంటి మాటలు చాలా ఊళ్లలో వినిపిస్తాయి. ఊళ్లో వడ్డీ నెల లెక్కన చెబుతారు. బ్యాంకులో ఏడాది లెక్కన చెబుతారు. రెండింటినీ ఒకే కొలతలోకి తేవాలి. అప్పుడే ఏది ఎక్కువో తెలుస్తుంది.

నూటికి నెలకు 3 రూపాయలు అంటే ఏడాదికి 3 × 12 = 36 రూపాయలు.

20,000 రూపాయల అప్పుకు లెక్క చూడండి.
మూడు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 7,200 రూపాయలు.
బ్యాంకులో నూటికి 12 అయితే ఏడాదికి 2,400 రూపాయలు.
తేడా 4,800 రూపాయలు.

రోజువారీ వసూలు అప్పులో వడ్డీ ఇంకా ఎక్కువగా ఉంటుంది. 10,000 అని రాసుకుంటారు. ముందే 1,000 పట్టుకుని 9,000 చేతికి ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టించుకుంటారు. “వెయ్యి రూపాయలే గదా వడ్డీ” అనిపిస్తుంది. కానీ ఆ 9,000 వంద రోజులూ చేతిలో ఉండవు. మొదటి రోజు నుంచే తిరిగి పోతుంటాయి. లెక్క కడితే ఆ వడ్డీ నెలకు నూటికి ఆరు రూపాయలు దాటుతుంది.

నోటు తిరగరాస్తే ఏమవుతుంది?

ఊళ్లో చాలా అప్పులు ప్రామిసరీ నోటు మీద నడుస్తాయి. నోటు మీద అప్పు వసూలుకు మూడేళ్లలోపు కోర్టులో దావా వేయాలి. మూడేళ్లు నిండేలోగా అప్పిచ్చినవారు కొత్త నోటు రాయిస్తారు. అప్పుడే అసలు చిక్కు వస్తుంది.

10,000 రూపాయలు, మూడు రూపాయల వడ్డీ అనుకుందాం. మూడేళ్లకు వడ్డీ 10,800. మొత్తం 20,800. కొత్త నోటులో అసలే 20,800 అని రాస్తారు. ఇప్పుడు వడ్డీ మీద కూడా వడ్డీ పడుతుంది. ఇంకో మూడేళ్లకు ఆ అప్పు 43,264 అవుతుంది. తీసుకున్నది పది వేలు. ఆరేళ్లకు తీర్చవలసింది నలభై మూడు వేలు దాటింది!

అందుకే నోటు తిరగరాసే ముందు కొంతైనా కట్టాలి. కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు వేయించాలి. తేదీ, సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించాలి. చెల్లు మీద సంతకం చేస్తే మూడేళ్ల గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇది కూడా తెలిసి ఉండాలి. కొత్త నోటు రాశాక పాత నోటు వెనక్కి తీసుకోవాలి. లేకపోతే ఒకే అప్పుకు రెండు నోట్లు మిగులుతాయి.

బంగారం తాకట్టు

ఇంట్లో ఆడవాళ్ల పేరున ఉండే ఆస్తి చాలావరకు బంగారమే. కష్టం వస్తే ముందు బయటికి వెళ్లేదీ అదే. బ్యాంకులో పెడితే రసీదు ఇస్తారు. అందులో వస్తువుల పేర్లు, బరువు, అప్పు, వడ్డీ, గడువు తేదీ ఉంటాయి. అవన్నీ అక్కడే చదవాలి. రెండు గాజులు పెట్టి ఒకటే రాసి ఉంటే వెంటనే అడగాలి.

గడువు తేదీని గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవాలి. గడువు దాటితే బంగారాన్ని వేలం వేయవచ్చు. కానీ వేలానికి ముందు నోటీసు ఇవ్వాలి. అందుకే ఊరు మారినా, ఫోను నంబరు మారినా బ్యాంకుకు చెప్పాలి. బతుకుదెరువుకు వలస వెళ్లే కుటుంబాలు ఈ మాట మరవకూడదు. ఇంటికి తాళం ఉంటే నోటీసు చేరదు. వేలం మాత్రం జరిగిపోతుంది.

భూమి తనఖా వేరు, అమ్మకం వేరు

భూమిని అప్పుకు హామీగా రాసి ఇవ్వడమే తనఖా. భూమి రాసిచ్చినవారిదే. అప్పు తీర్చి భూమిని విడిపించుకునే హక్కు వారికి ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఈ హక్కును ఇచ్చింది. గడువు దాటినంత మాత్రాన భూమి అప్పిచ్చినవారి సొంతం అయిపోదు.

కొందరు తోటను అప్పిచ్చినవారి స్వాధీనం చేస్తారు. వడ్డీ కింద కాయలు వారు తీసుకుంటారు. దీన్ని స్వాధీన తనఖా అంటారు. ఇందులోనూ అప్పు తీర్చి తోట వెనక్కి తీసుకోవచ్చు. తనఖా విడిపించుకోవడానికి దావా వేయాలంటే చట్టం 30 ఏళ్ల గడువు ఇచ్చింది.

మరి మోసం ఎక్కడ జరుగుతుంది? “నమ్మకం కోసం అమ్మకం కాగితం రాయి. డబ్బు కట్టాక తిరిగి నీ పేర రాస్తాను” అంటారు. కాగితం మీద అమ్మకం అని ఉంటే అది అమ్మకమే. నోటిమాట తనఖా అని తర్వాత కోర్టులో రుజువు చేయడం చాలా కష్టం. కాబట్టి సంతకానికి ముందు వెతకవలసిన మాటలు ఇవి: తనఖా, క్రయం, విక్రయం, అగ్రిమెంటు. క్రయం, విక్రయం అని ఉంటే చేతిలోని కలం కింద పెట్టాలి.

తనఖా పత్రాన్ని ఇద్దరు సాక్షులతో సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించాలి. నకలు ఇంట్లో ఉంచుకోవాలి. బ్యాంకులైతే భూమి దస్తావేజులు తమ దగ్గర పెట్టుకుని అప్పు ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

ఇంటిని బ్యాంకుకు తనఖా పెడితే ఇంకో సంగతి తెలియాలి. వాయిదాలు వరసగా ఆగిపోతే 2002 నాటి చట్టం ప్రకారం బ్యాంకు 60 రోజుల నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే కోర్టు తీర్పు లేకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే చర్యలు మొదలుపెట్టవచ్చు. సాగు భూమికి ఈ చట్టం వర్తించదు. ఇలాంటి నోటీసు వస్తే దాచిపెట్టకూడదు. ఆ కాగితంతోనే బ్యాంకుకు వెళ్లి మాట్లాడాలి.

అప్పు తీరాక పని అయిపోలేదు. తనఖా రద్దు పత్రం రాయించాలి. దస్తావేజులు వెనక్కి తీసుకోవాలి. అప్పు మొత్తం తీరిన 30 రోజుల్లో బ్యాంకు కాగితాలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం చెల్లించాలి. ఈ రిజర్వు బ్యాంకు నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉంది.

తాకట్టు లేని అప్పు

శ్రీకాకుళం జిల్లాలో 2000 సంవత్సరంలో వెలుగు పథకం మొదలైంది. పొదుపు సంఘాలకు అది బలం ఇచ్చింది. ఊళ్లో ఇప్పటికీ వీటిని డ్వాక్రా సంఘాలు అనే పిలుస్తారు. సంఘానికి 10 లక్షల వరకు ఇచ్చే అప్పుకు బ్యాంకు తాకట్టు అడగకూడదు. అక్కడ హామీ బంగారం కాదు. పది మంది ఒకరి మీద ఒకరు పెట్టుకున్న నమ్మకమే. ఒకరు వాయిదా తప్పితే ఆ భారం అందరి మీదా పడుతుంది. అందుకే ఎవరి పేర ఎంత తీసుకున్నారో సంఘం పుస్తకంలో ప్రతి సభ్యురాలూ చదవాలి.

ఓవర్‌డ్రాఫ్ట్ అనే మాట కూడా బ్యాంకులో వినిపిస్తుంది. ఖాతాలో ఉన్న డబ్బు కన్నా ఎక్కువ తీసుకునే వీలును ఓవర్‌డ్రాఫ్ట్ అంటారు. ఎంతవరకు తీసుకోవచ్చో బ్యాంకు ముందే చెబుతుంది. 2014లో మొదలైన జన్‌ధన్ ఖాతాల్లోనూ ఈ వీలు ఉంది. 2018లో దాని పరిమితిని 10,000 రూపాయలకు పెంచారు. అందరికీ అంత ఇవ్వరు. ఖాతా నడిచిన తీరు చూసి ఇస్తారు.

ఇందులో వడ్డీ తీసుకున్న సొమ్ముకే పడుతుంది. పరిమితి 10,000 ఉంది. 4,000 తీసుకున్నారు. ఏడాదికి నూటికి 12 వడ్డీ అయితే నెలకు 40 రూపాయలు. సగం కట్టేస్తే వడ్డీ కూడా సగమే. కానీ ఒక మాట. అది దానం కాదు, అప్పే. ఖాతాలో కూలి డబ్బు పడితే ముందు ఆ అప్పుకే జమ అవుతుంది.

ఎవరిని అడగాలి?

కాగితం అర్థం కాకపోతే సిగ్గు పడవద్దు. “రేపు వస్తాను, ఇంటికి తీసుకెళ్లి చదువుతాను” అనాలి. మంచి కాగితమైతే రేపటికి కూడా మంచిదే. ఖాళీ కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ ఎన్నడూ వేయవద్దు.

1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. ఆదాయం ఎంత ఉన్నా ఈ హక్కు ఉంది. దగ్గరలోని కోర్టులో ఉండే న్యాయ సేవా కమిటీని అడగాలి. 15100 నంబరుకు ఫోను చేసినా సలహా చెబుతారు.

వేలిముద్ర వేసే రోజుల్లో ఎదుటివారు చదివిందే నమ్మాల్సి వచ్చేది. ఇప్పుడు అక్షరాలు వచ్చాయి. అంకెలు వచ్చాయి. సంతకం చేయడం కన్నా సంతకానికి పైన ఏం రాసి ఉందో చదవడం పెద్ద పని.

ఆలోచించండి – చర్చించండి

1. మీ ఊళ్లో వడ్డీ నూటికి నెలకు ఎంత? ఏడాదికి ఎంత అవుతుందో లెక్క కట్టండి.
2. తనఖాకూ అమ్మకానికీ తేడా ఏమిటి?
3. మీ ఇంట్లో నోటు గానీ, బంగారం రసీదు గానీ ఉంటే తీసి చదవండి. గడువు తేదీ ఎప్పుడు?
4. అప్పు తీరాక ఏయే కాగితాలు వెనక్కి తీసుకోవాలి?