పంజరంలో కొంగ, పంజరం పైన కొంగ

ఢిల్లీలో పాత కోటను ఆనుకొని ఉన్న జాతీయ జంతుప్రదర్శనశాలకు వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో వెళ్తే ఓ వింత కనిపిస్తుంది. చెరువుల మధ్య చిన్న చిన్న దిబ్బలుంటాయి. వాటి మీది సర్కారు తుమ్మ చెట్లు కొమ్మ కొమ్మకూ గూళ్లతో నిండిపోయి ఉంటాయి. పసుపు ముక్కు, నారింజ రంగు తల, తోక దగ్గర గులాబీ ఈకలు ఉన్న ఆ పక్షులు పెయింటెడ్ స్టార్క్‌లు. తెలుగులో కొందరు ఎర్రకాళ్ల కొంగ అంటారు. వాటిని ఎవరూ పట్టి తేలేదు, వాటికి కంచె లేదు, బోర్డు లేదు. జూ 1959లో మొదలైతే, 1960 ప్రాంతం నుంచే ఇవి వాటంతట అవి వచ్చి గూళ్లు కట్టడం ప్రారంభించాయి. యమున ఒడ్డున, చుట్టుపక్కల తడి నేలల్లో చేపలు పట్టుకొస్తాయి. పిల్లలను పెంచి, వేసవి ముదరకముందే వెళ్లిపోతాయి. పక్షి శాస్త్రవేత్త అబ్దుల్ జమీల్ ఉర్ఫీ ఈ కాలనీని ఏళ్ల తరబడి పరిశీలించి, ఈ జాతిపై ఒక పుస్తకమే రాశారు.

అదే జూలో, అదే జాతి పక్షులు వలకప్పు ఉన్న పక్షిశాలలోనూ ఉంటాయి. ఒకే జాతి లోపలా బయటా ఇలా పక్కపక్కనే కనిపించే చోటు అరుదు. స్టార్క్‌లను జూలో పెట్టడం ఎందుకంత కష్టమో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ముందు పేరు సంగతి. తెలుగులో కొంగ అనే మాట చాలా పెద్ద గొడుగు. తెల్లకొంగ, నారాయణ పక్షి, స్టార్క్, కొన్నిసార్లు క్రేన్ కూడా దాని కిందికే వస్తాయి. ఇక మన పల్లెల్లో వాలే పెయింటెడ్ స్టార్క్‌లను పత్రికలు ఏటా ‘సైబీరియా కొంగలు’ చేసేస్తాయి. నిజానికి వీటికి సైబీరియాతో సంబంధం లేదు. ఇవి దక్షిణ, ఆగ్నేయాసియా పక్షులే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు, నెల్లూరు వైపు నేలపట్టు, రాయలసీమలోని వీరాపురం వీటి పుట్టిళ్లు. వీరాపురంలో వీటిని పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు.

కాళ్ల మీద భారం

పెయింటెడ్ స్టార్క్ దాదాపు మీటరు ఎత్తు ఉంటుంది, బరువు మాత్రం సుమారు 2 నుంచి 3.5 కిలోలే. ఎత్తులో ఎక్కువ భాగం కాళ్లదే. పొడవైన సన్నని కడ్డీని పక్క నుంచి నెట్టినప్పుడు దాని మొదట్లో పడే వంపు బలం పొడవుతో పాటు పెరుగుతుంది. స్టార్క్ కాలూ అలాంటి కడ్డీయే. బెదిరిన పక్షి వలకు తగిలినా, పట్టుకునేవారు కాళ్లను గట్టిగా మడిచి అదిమినా ఎముక విరగడానికి క్షణం చాలు. విరిగిన కాలు అతకడం కష్టం, ఒంటి కాలితో ఇంత పెద్ద పక్షి బతకడం ఇంకా కష్టం. అందుకే వీటిని తరలించేటప్పుడు నిలబడే వీలున్న ఎత్తైన పెట్టెలు వాడతారు.

అడవిలో స్టార్క్ రోజులో చాలాసేపు బురదలో, నీళ్లలో నిలబడుతుంది. మెత్తటి బురద పాదం ఆకారానికి ఒదిగి బరువును పాదమంతా పరుస్తుంది. కాంక్రీటు ఒదగదు. అదే బరువు కొద్దిపాటి చర్మం మీద పడుతుంది, పీడనం పెరుగుతుంది. రోజులు గడిచేకొద్దీ చర్మం పగిలి, బ్యాక్టీరియా చేరి, అరికాలు వాచిపోతుంది. జూ వైద్యులు బంబుల్‌ఫుట్ అని పిలిచే ఈ జబ్బు ఎముక దాకా పాకిందంటే నయం చేయడం చాలా కష్టం. కడిగితే శుభ్రంగా కనిపిస్తుందని నేలకు సిమెంటు వేసిన పక్షిశాలలు పక్షి కోసం కట్టినవి కావు, చీపురు కోసం కట్టినవి.

కాళ్లతో ఇంకో సంగతి ఉంది. ఎండ ముదిరితే స్టార్క్‌లు తమ కాళ్ల మీద తామే రెట్ట వేసుకుంటాయి. చూసేవారు ముక్కు మూసుకుంటారు గానీ, అది కూలర్ సూత్రమే. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. ఆ వేడి కాలిలోని రక్తం నుంచి పోతుంది, చల్లబడిన రక్తం ఒంట్లోకి తిరిగి వెళ్తుంది. అయితే కాలి కింది భాగానికి గుర్తింపు రింగు తొడిగితే రెట్ట దాని చుట్టూ పేరుకుని గట్టిపడి చర్మాన్ని కోసేస్తుంది. అందుకే రింగును మనకు మోకాలిలా కనిపించే కీలుకు పైన వేస్తారు. అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు ఈకల్లో దాగి ఉంటుంది.

రెక్క ఎవరిది?

పక్షి ఎగిరిపోకుండా ఉండాలంటే పైన వల కట్టాలి, లేదా పక్షి రెక్క తగ్గించాలి. రెండోది చవక. పుట్టిన కొద్ది రోజులకే ఒక రెక్క చివరి భాగాన్ని మణికట్టు దగ్గర కోసేసే పద్ధతిని ప్రపంచంలో చాలా జూలు దశాబ్దాలపాటు అనుసరించాయి. ఈకలు మళ్లీ మొలుస్తాయి, ఎముక మొలవదు. ఒక పక్క లిఫ్ట్ తగ్గడంతో పక్షి జీవితాంతం నేల మీదే. దీనివల్ల మరో చిక్కు వచ్చింది. జత కట్టేటప్పుడు మగపక్షి ఆడపక్షి వీపు మీద రెక్కలు కొట్టుకుంటూ నిలదొక్కుకోవాలి. ఒక రెక్క సగమే ఉంటే తూలిపోతుంది, గుడ్లు ఫలదీకరణ చెందకుండానే మిగిలిపోతాయి. సంరక్షణ కోసం పెంచుతున్నామని చెబుతూ పెంపకాన్నే దెబ్బతీయడమంటే ఇదే. జర్మనీలో ఇప్పుడు దీనికి అనుమతి లేదు.

తిండిలోనూ ఇలాంటి తిరకాసే. పెయింటెడ్ స్టార్క్ చేపను చూసి పొడవదు. ముక్కును కొద్దిగా తెరిచి నీళ్లలో ముంచి అటూ ఇటూ తిప్పుతుంది, కాలితో అడుగు కదిపి చేపలను లేపుతుంది. ఏదైనా తగిలిందో, ముక్కు మూసుకుంటుంది. దీని అమెరికా బంధువైన వుడ్ స్టార్క్‌పై 1960ల్లో చేసిన ప్రయోగాల్లో ఈ స్పందనకు పట్టిన సమయం 25 మిల్లీసెకన్లని తేలింది. మనం రెప్ప వేసి తెరవడానికి 100 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. ఇంతటి స్పర్శ యంత్రానికి పళ్లెంలో చచ్చిన చేపలు పెడితే కడుపు నిండుతుంది, పని దొరకదు. పైగా కొన్ని రకాల చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. చేపను గడ్డకట్టించి నిల్వ చేసినా అది తన పని మానదు, విటమిన్ బి1ను విరిచేస్తుంది. కొన్నాళ్లకు పక్షి నరాలు దెబ్బతిని తూలడం మొదలవుతుంది. అందుకే మంచి జూలలో చేప కడుపులో బి1 మాత్ర దాచి పెడతారు.

ఇరవై నాలుగేళ్ల ఎదురుచూపు

ఇన్ని కష్టాలు పడి పెంచడం ఎందుకు, వదిలేయవచ్చుగా అని అడగవచ్చు. జపాన్‌లోని టొయొఓకా పట్టణం దీనికి కొంత జవాబు చెబుతుంది. అక్కడి పొలాల్లో తిరిగే ఓరియంటల్ స్టార్క్‌లు పురుగుమందుల వల్ల, గూళ్లు కట్టే చెట్లు పోవడం వల్ల తగ్గిపోతుంటే 1965లో మిగిలిన వాటిని పట్టి పెంపకం మొదలుపెట్టారు. అప్పటికే వాటి ఒంట్లో పాదరసం చేరిపోయింది. గుడ్లు పెట్టేవి, పిల్లలు వచ్చేవి కావు. 1971లో దేశంలోని చివరి అడవి పక్షి చనిపోయింది. 1985లో రష్యాలోని ఖబరోవ్‌స్క్ నుంచి ఆరు చిన్న పక్షులను తెచ్చారు. వాటికి 1989లో తొలి పిల్ల పుట్టింది. అంటే 24 ఏళ్లు. 2005లో ఐదు పక్షులను ఆకాశంలోకి వదిలారు, 2007లో అడవిలో మళ్లీ పిల్ల పుట్టింది. ఈ మధ్యలో అక్కడి రైతులు మందులు తగ్గించి, చలికాలంలోనూ పొలాల్లో నీళ్లు నిలిపే వరి సాగుకు మళ్లారు. ఆ సంగతి చాలా కథనాల్లో చివరి వాక్యంగా వస్తుంది, నా లెక్కలో అదే మొదటిది. చేపా కప్పా లేని పొలంలోకి వదిలిన కొంగ ఆకలితో చావడానికే.

అస్సాంలో హర్గిలా అనే భారీ స్టార్క్ కథలో జూది చిన్న పాత్రే. పల్లె మహిళలను కూడగట్టి, గూళ్లున్న చెట్లు నరకకుండా ఆపిన పూర్ణిమా దేవి బర్మన్ పని దానికి ప్రాణం పోసింది. 2023లో ఐయూసీఎన్ ఆ పక్షిని ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ జాబితా నుంచి రెండు మెట్లు కిందికి దించింది. గువాహటి జూలో మాత్రం ఎత్తైన చెట్ల కొమ్మలకు బదులు వెదురు వేదికలు కట్టి చూశారు, హర్గిలాలు వాటి మీద గూడు కట్టి పిల్లలను లేపాయి. ఎత్తు, చుట్టూ తమవాళ్లు ఉంటేనే ఈ పక్షులకు గూడు కట్టాలని తోస్తుంది.

ఢిల్లీ దిబ్బల్లో ఆ రెండూ ఉన్నాయి. చుట్టూ నీరు కాబట్టి పిల్లులూ ముంగిసలూ రావు. అయితే 2016 అక్టోబరులో హెచ్5ఎన్8 బర్డ్‌ఫ్లూ సోకి నీటి పక్షులు చనిపోవడంతో జూను మూసేశారు. 2025 ఆగస్టు చివర మళ్లీ మూసేశారు, ఈసారి హెచ్5ఎన్1. పక్షిశాలలోని స్టార్క్‌లతో పాటు చెరువు చెట్ల మీదికి వచ్చిన అడవి స్టార్క్‌లూ చనిపోయాయి. నమూనాలను పరీక్షించింది భోపాల్‌లోని అధిక భద్రతా జంతు వ్యాధుల ప్రయోగశాల. గేటు మూస్తే సందర్శకులు ఆగుతారు. యమున నుంచి చేపతో తిరిగొచ్చే పక్షికి గేటు లేదు. వైరస్ రెట్ట ద్వారా నీటిలోకి, నీటి ద్వారా పక్కవాటికి చేరుతుంది. పక్షిశాలకూ చెరువుకూ ఒకే నీరు పారకుండా చూడటం, ఇద్దరికీ ఒకే బకెట్, ఒకే బూట్లు వాడకపోవడం, చచ్చిన పక్షిని గంటల్లో తీసేయడం లాంటి సాదాసీదా పనులే ఇక్కడ ఎక్కువ ఉపయోగపడతాయి. చెట్లు నరికి అడవి పక్షులను తరిమితే అవి వైరస్‌తో సహా ఇంకో చెరువుకు పోతాయి.

ఈసారి మీరు ఏదైనా జూకి వెళ్తే స్టార్క్ దగ్గర ఓ రెండు నిమిషాలు ఆగండి. అది రెక్కలు చాపేదాకా చూడండి, రెండూ ఒకే పొడవున ఉన్నాయా? ఒక పాదాన్ని మాటిమాటికీ ఎత్తుతోందా? నిద్రకు ఒంటికాలి మీద నిలబడటం మామూలే. నడిచేటప్పుడు కుంటడం మామూలు కాదు. కాళ్ల కింద బురద ఉందా, సిమెంటు ఉందా? ముక్కు ముంచడానికి లోతు తక్కువ మడుగు ఉందా? పుల్లలు ముక్కున కరచుకుని తిరుగుతోందా? పెద్దయ్యాక స్టార్క్‌లకు గొంతు దాదాపు ఉండదు కాబట్టి అరుపు కోసం ఎదురుచూడకండి. రెండు పక్షులు ఎదురెదురుగా నిలబడి ముక్కులు టకటక కొట్టుకుంటే, అక్కడ ఒక జత కుదురుతోందని అర్థం.