దత్తాంశ విశ్లేషణ స్క్రిప్టులలో రన్‌టైమ్ దోషాల నిర్వహణ: సత్తుపల్లి ఆయిల్‌పామ్ తోటలకు అన్వయం

ఖమ్మం జిల్లాలోని సత్తుపల్లి, దానికి చేరువలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన దమ్మపేట, అశ్వారావుపేట మండలాలు ఆయిల్‌పామ్ సాగుకు పేరొందిన ప్రాంతాలు. 9 మీటర్ల త్రికోణ పద్ధతిలో హెక్టారుకు 143 మొక్కల చొప్పున నాటే ఈ పంటకు ఏడాది పొడవునా తేమ అవసరం. వేసవిలో నీటి ఎద్దడి ఏర్పడితే ఆడ పూగుత్తులు తగ్గుతాయి. ఆ నష్టం ఎన్నో నెలల తరువాత గెలల దిగుబడిలో బయటపడుతుంది. కనుక వాతావరణ దత్తాంశం నుండి నీటి మోతాదును లెక్కించే స్క్రిప్టులో దొర్లిన పొరపాటు రైతుకు సకాలంలో తెలిసే అవకాశం తక్కువ.

రన్‌టైమ్ దోషం స్వభావం

వ్యాకరణ దోషాన్ని పైథాన్ వంటి స్క్రిప్టు భాష అమలుకు ముందే పట్టుకుంటుంది. రన్‌టైమ్ దోషం అమలు మధ్యలో, దత్తాంశం ఎదురైనప్పుడే తలెత్తుతుంది. వర్షపాతం గడి ఖాళీగా ఉన్నప్పుడు దానిని సంఖ్యగా మార్చబోతే పైథాన్ ‘వాల్యూ ఎర్రర్’ ఇచ్చి ఆగిపోతుంది. దీనిని ఆటంకంగా భావించి, ‘ట్రై–ఎక్సెప్ట్’ అమర్చి, ఆ గడిలో సున్న వేయడం తరచుగా జరిగే తప్పు. కొలత లేకపోవడం వేరు, వాన లేకపోవడం వేరు.

ఏ దోషమూ చూపని తప్పులు మరింత ప్రమాదకరం. ఉదాహరణకు, మే నెలలో 29 రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రత సగటు 38 డిగ్రీలు అనుకుందాం. పరికరం పనిచేయని ఒక రోజుకు గుర్తుగా -99.9 నమోదైతే, 30 రోజుల సగటు 33.4 డిగ్రీలకు పడిపోతుంది. ఈ అంకె నమ్మదగినదిగానే కనిపిస్తుంది. నీటి మోతాదు మాత్రం తగ్గిపోతుంది. కాబట్టి సాధ్యమైన అవధులు దాటిన విలువ ఎదురైతే స్క్రిప్టు తానే దోషాన్ని ప్రకటించేలా రాయాలి.

జిల్లాల మార్పు నేర్పే పాఠం

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో అశ్వారావుపేట, దమ్మపేట మండలాలు ఖమ్మం నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు మారాయి. సత్తుపల్లి ఖమ్మంలోనే ఉంది. పాత, కొత్త పట్టికలను జిల్లా పేరుతో జతపరిచే స్క్రిప్టుకు ఇక్కడ ‘కీ ఎర్రర్’ ఎదురవుతుంది. దానిని ‘పాస్’ అని దాటవేస్తే రెండు మండలాల విస్తీర్ణం మొత్తం నుండి జారిపోతుంది. సాగు తగ్గిందనే తప్పుడు నిర్ధారణకు అదే మూలమవుతుంది.

పాటించవలసిన పద్ధతులు

1. ‘ట్రై’ భాగంలో దోషానికి అవకాశమున్న ఒకటి రెండు వరుసలే ఉంచాలి.
2. ‘ఎక్సెప్ట్’ పక్కన దోషం పేరు స్పష్టంగా రాయాలి. పేరు లేకుండా రాస్తే ఊహించని దోషాలు కూడా మరుగున పడతాయి.
3. తేదీ, కేంద్రం, వరుస సంఖ్య, అసలు విలువలను లాగ్ ఫైలులో నమోదు చేయాలి.
4. లోపించిన విలువను లోపించినట్లే ఉంచి, సగటు పక్కన అటువంటి రోజుల సంఖ్యను తెలపాలి.
5. సరిదిద్దలేని దోషాన్ని ‘రెయిజ్’ ద్వారా పైకి పంపాలి.
6. తప్పు విలువలున్న నమూనా ఫైలుతో స్క్రిప్టును ముందుగా పరీక్షించాలి.

అయితే ఆగిపోవడమే అన్నిచోట్లా పరిష్కారం కాదు. 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్‌లో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చేటప్పుడు తలెత్తిన దోషాన్ని ఎవరూ ముందుగా ఊహించలేదు. మార్గదర్శక కంప్యూటర్లు ఆగిపోవడంతో బయలుదేరిన సుమారు 40 సెకన్లలోనే రాకెట్ ధ్వంసమైంది. వాతావరణ నివేదిక ఒక రోజు ఆగినా సరిదిద్దుకోవచ్చు. బిందు సేద్యపు వాల్వులను నడిపే స్క్రిప్టు మే నెల మధ్యాహ్నం ఆగిపోతే తోట ఎండుతుంది. అక్కడ దోషం వచ్చినప్పుడు ముందుగా నిర్ణయించిన మోతాదులో నీరిస్తూ, రైతుకు వెంటనే సందేశం పంపే ఏర్పాటు ఉండాలి.

కావున ప్రతి దోషానికీ ఆగడమా, దాటడమా, ప్రత్యామ్నాయం చూపడమా అన్నది స్క్రిప్టు రాసే దశలోనే, పంట అవసరాన్ని ఎరిగినవారితో కలిసి నిర్ణయించుకోవడం శ్రేయస్కరం.